నాలుగో లెక్క

కొత్తతిప్ప, నరసాపురం దగ్గర,
20 జూన్ 1999

రాజమండ్రి చంద్రరావు మేష్టారు గారికి కొల్లాటి అబ్బులు నమస్కారములు.

నేను మీకు గుర్తున్నానో లేదో. కాలవగట్టు బడిలో ఐదో తరగతి దాకా మీ పక్కన కూర్చున్నవాణ్ణి. ఐదు అయ్యాక మీరు నరసాపురం హైస్కూలుకి వెళ్ళారు. నేను మా నాన్నతో పడవెక్కాను. ఆ తర్వాత మీకు రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడి రాస్తున్నానండి.

మా కొడుకు చినబాబు కూతురు లోవలక్ష్మి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. లెక్కలంటే ప్రాణం. మీ ఊళ్ళో ఒక ట్రస్టు వాళ్ళు రెండో ఏడు పిల్లలకి పరీక్ష పెట్టి, పదిమందిని తీసుకుని, దసరా నుంచి తిండీ పడకా ఇచ్చి ఇంజనీరింగు పరీక్షకి చదివిస్తారట. లెక్కల పేపరు మీరే ఇస్తారని వాళ్ళ టీచరమ్మ చెప్పింది. ఆవిడే మీ అడ్రసు ఇచ్చింది.

సిఫారసు అడగడం లేదండి. ఒక్క పాఠం అడుగుతున్నాను. వృత్తాలు అని ఉంది. సమీకరణం ఇచ్చి కేంద్రం ఎక్కడో, వ్యాసార్థం ఎంతో చెప్పమంటారట. కాలేజీలో లెక్కల మేష్టారు బదిలీ మీద వెళ్ళిపోయారు, ఇంకొకరు రాలేదు. పిల్ల పుస్తకం ముందేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. అది మీకు రాయడానికి సిగ్గుపడుతోంది. నాకూ సిగ్గే. ముసలాణ్ణి కాబట్టి రాశాను.

ఈ సీటు రాకపోతే మార్చి తర్వాత దాన్ని రొయ్యల షెడ్డుకి తీసుకుపోతానని వాళ్ళమ్మ అంటోంది. ఆవిడా అక్కడే రొయ్యల తలలు తీస్తుంది.

ఇట్లు,
కొల్లాటి అబ్బులు

*

దానవాయిపేట, రాజమండ్రి,
27 జూన్ 1999

ఒరే అబ్బులూ,

మేష్టారు గారేంట్రా, అండీ ఏంట్రా? నీ పలకమీద ఉమ్మేసి తుడిచినవాణ్ణి నేను. నోటిలెక్కలు నువ్వు చెబుతుంటే నేను చెయ్యెత్తేవాణ్ణి, శభాష్ నాకు దొరికేది. ఇంకోసారి గారూ గీరూ రాశావంటే ఉత్తరం విప్పకుండా తిప్పి పంపిస్తాను.

పాఠం నీకే చెబుతాను. నీకు తలకెక్కితే పిల్లకి ఎక్కినట్టే.

విసురువల తీసుకో. నీళ్ళమీద గుండ్రంగా విప్పుకుని పడిందనుకో. తాడు కట్టిన నడిమి ముడి కేంద్రం. ఆ ముడి దగ్గర్నుంచి అంచున సీసపు గుళ్ళ దాకా ఉన్న దూరం వ్యాసార్థం. ఆ రెండూ చెప్పావంటే వల మొత్తం చెప్పినట్టే. సమీకరణం అంటే మడతపెట్టి బుట్టలో పడేసిన వల. విప్పడం తెలియాలి, అంతే.

ఇదుగో:

x² + y² − 2x + 4y − 20 = 0

x పక్కన ఏముంది? మైనస్ రెండు. సగం చేసి గుర్తు మార్చు. ఒకటి. y పక్కన ప్లస్ నాలుగు. సగం చేసి గుర్తు మార్చు. మైనస్ రెండు. కేంద్రం (1, −2). అయిపోయింది సగం.

ఇప్పుడు ఆ రెంటినీ వర్గాలు చేసి కూడు. ఒకటీ నాలుగూ ఐదు. అందులోంచి చివరి అంకెని దాని గుర్తుతో సహా తీసెయ్యి. మైనస్ ఇరవైని తీసేస్తే కలిసినట్టే కదా, ఇరవై ఐదు. దానికి వర్గమూలం ఐదు. అదే వ్యాసార్థం.

ఎందుకలా అని పిల్ల అడుగుతుంది, అడగాలి కూడా. x² − 2x కి ఒకటి కలిపితే (x − 1)². y² + 4y కి నాలుగు కలిపితే (y + 2)². ఇరవై అవతలికి పోయి ఆ ఒకటినీ నాలుగునీ కలుపుకుని ఇరవై ఐదయింది. ఇందులో మంత్రమేం లేదు.

ముప్పై నాలుగేళ్ళు నా క్లాసులో మొదటి లెక్క ఇదే. నేను రాసిన గైడులోనూ మొదటిది ఇదే. ఇన్నేళ్ళలో నేనిచ్చిన ఏ పేపర్లోనూ ఒక్క తప్పు రాలేదురా. ఆ గొప్ప చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మీ ఆవిడకి నా నమస్కారం చెప్పు.

నీ
చంద్రం

*

కొత్తతిప్ప,
11 జూలై 1999

ఒరే చంద్రం,

ఒరే అని రాశాను చూడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత పిల్లని తీసుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళాను. ఇసకలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాం. మూర ఒక లెక్క అనుకున్నాం. కుడికి ఒక మూర, కిందకి రెండు మూరలు. అక్కడ పుల్ల పాతి, ఐదు మూరల తాడు కట్టి తిప్పాను. వలంత అయింది.

లోవలక్ష్మి నమ్మలేదు. కుడికి నాలుగు మూరలు, పైకి రెండు మూరలు కొలుచుకుంటూ పోయి నిలబడింది. గీత మీదే నిలబడింది. మళ్ళీ నోట్సులో x దగ్గర నాలుగు, y దగ్గర రెండు వేసి చూసుకుంది. సున్నా వచ్చింది. ‘తాతా, కాగితంలో ఉన్నదీ ఇసకలో ఉన్నదీ ఒకటేరా’ అంది. సంతోషంలో నన్ను రా అనేసింది.

మా ఆవిడ పాపాయి లేసు అల్లుకుంటూ చూస్తోంది. ‘నేను నడిమి ముడి వేసి చుట్టూ అల్లుకొస్తాను. నలభై ఏళ్ళనుంచి ఎన్ని గుండ్రాలు అల్లానో. నాకు ఏ మేష్టారు చెప్పాడు? ముసలాడికి ఇప్పుడొచ్చింది చదువు’ అంది. అయినా చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

పిల్ల ఒకటి అడగమంది. చివర మైనస్ ఇరవై బదులు ప్లస్ ఇరవై ఉంటే ఏమవుతుందని. అది వేసి చూసింది. ఐదులోంచి ఇరవై తీస్తే మైనస్ పదిహేను వస్తోంది. దానికి వర్గమూలం ఎలా అని. నాకేం తెలుసు. రాస్తున్నాను.

అబ్బులు

*

దానవాయిపేట,
19 జూలై 1999

ఒరే అబ్బులూ,

ఇవాళ ట్రస్టు పేపరు రాయడానికి కూర్చున్నాను. టపా వచ్చింది. పేపరు పక్కకి తోసి ముందు నీకు రాస్తున్నాను. నీ ఉత్తరం బల్లమీద ఇదిగో, ఎదురుగానే ఉంది.

ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు నా సర్వీసులో ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళందరూ సూత్రం బట్టీపట్టి పోయినవాళ్ళే. పిల్లతో చెప్పు. వర్గమూలం కింద మైనస్ వస్తే వృత్తం లేదు. కేంద్రం దొరుకుతుంది, (1, −2) అని రాయొచ్చు. కానీ ఆ చుట్టూ ఏమీ లేదు. ముడి ఉంది, వల లేదు. ఎప్పుడైనా అలాంటిది వస్తే బెదరకుండా, కారణం చూపించి ‘వృత్తం లేదు’ అని రాయమను. నేను చెప్పానని రాయమను. ఎవడు మార్కులు ఇవ్వడో నేను చూస్తాను.

ఆగస్టు 29 పరీక్ష. అన్నట్టు నవంబరులో ట్రస్టు వాళ్ళు నాకేదో సన్మానం చేస్తారట. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. కండువా నేనే కొంటాను.

పిల్లకి నా ఆశీస్సులు.

చంద్రం

*

కొత్తతిప్ప,
30 ఆగస్టు 1999

ఒరే చంద్రం,

నిన్న పిల్లని నేనే తీసుకొచ్చాను. పేపరు ఇచ్చినవాడి గుమ్మంలో తాత కనపడితే నలుగురూ ఏమంటారోనని మీ ఇంటికి రాలేదు. ఏమనుకోకు. సాయంత్రం బస్సుకి వచ్చేశాం.

బాగా రాశానంటోంది. బస్సులో సీటు దొరకలేదు, నిలబడే పేపరు మొత్తం చెప్పింది. నాలుగో లెక్క చూసి నవ్వొచ్చిందట. నీ లెక్కే. చివర ప్లస్ ఇరవై ఇచ్చావు. ‘పెద్ద మేష్టారు నన్నే అడిగారు తాతా’ అంది. కేంద్రం రాసి, మైనస్ పదిహేను చూపించి, నువ్వు చెప్పినట్టే వృత్తం లేదని రాసింది.

పాపాయి పావంచాల నూకాలమ్మ తల్లికి చీర మొక్కుకుంది. ఇంకో చీర తనకి కావాలని ఇప్పుడే చెబుతోంది.

అబ్బులు

*

దానవాయిపేట,
14 సెప్టెంబర్ 1999

అబ్బులుకి,

ఉత్తరం అందింది. మోకాళ్ళ నొప్పులతో రాయలేకపోయాను. ఇక్కడ గోదారి బాగా ఉంది, రేవులో మెట్లు మునిగాయి. మీ వైపు ఎలా ఉంది?

ఫలితాలు ట్రస్టు వాళ్ళే పంపిస్తారు. అందులో నా చేతిలో ఏమీ ఉండదు. పిల్లని మిగతా సబ్జెక్టులు కూడా అశ్రద్ధ చెయ్యకుండా చదువుకోమను.

చంద్రరావు

*

కొత్తతిప్ప,
29 సెప్టెంబర్ 1999

చంద్రానికి,

కార్డు వచ్చింది. లోవలక్ష్మి పదకొండో పిల్ల. యాభైకి నలభై ఒకటి. పదో పిల్లకి నలభై మూడు.

ఏ లెక్కకి ఎంతో కార్డులో వేశారు. నాలుగో లెక్కకి ఐదు మార్కులు. దానికెదురుగా సున్నా ఉంది. మిగతావాటిలో అక్కడా ఇక్కడా నాలుగు పోయాయి. అవి పోవాల్సినవే అని పిల్లే అంది.

ఆ సున్నా ఒక్కటీ చూడవా. ఎవరో దిద్దినవాళ్ళు పొరపాటు పడి ఉంటారు. నువ్వు చెప్పినట్టే రాసింది. కేంద్రానికైనా ఏదో వెయ్యాలి కదా అంటోంది పిల్ల. ఏడవడం లేదు. అన్నం సరిగ్గా తినడం లేదు.

అబ్బులు

*

కొత్తతిప్ప,
12 అక్టోబర్ 1999

చంద్రరావు గారికి,

రాసిన ఉత్తరం అందిందో లేదో అని మళ్ళీ రాస్తున్నాను. దసరా వచ్చేస్తోంది.

అబ్బులు

*

దానవాయిపేట,
24 అక్టోబర్ 1999

ఒరే అబ్బులూ,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చించేశానో. ఇవాళ పూర్తి చెయ్యకపోతే ఇంక ఎప్పటికీ రాయలేను.

నాలుగో లెక్కలో చివర మైనస్ ఇరవై ఉండాలి. ప్లస్ అని రాసింది నేనే. ప్రెస్సు వాడి తప్పు కాదు. ఆవేళ నీ ఉత్తరం బల్లమీద ఉందన్నాను కదా. మీ పిల్ల అడిగిన ప్లస్ ఇరవై కళ్ళముందు ఉంది. పేపర్లో చెయ్యి అదే రాసేసింది. జవాబుల కాగితం మాత్రం ముప్పై నాలుగేళ్ళ అలవాటు మీద రాశాను. కేంద్రం (1, −2), వ్యాసార్థం 5. ప్రూఫులు కూడా నేనే చూశాను. అక్కడ ఉన్నది చూడలేదు, నాకు తెలిసింది చూశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ లెక్క పెట్టింది మీ పిల్ల కోసమే. తెలిసిన లెక్క ఒకటి కనపడితే భయం పోతుందనుకున్నాను. చెయ్యకూడని పని. ప్రేమకొద్దీ చేశాను.

దిద్దింది నేనే. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. గైడు చదివిన పిల్లలు పాతికమంది చివరి గుర్తు చూడకుండా 5 అని రాశారు, ఐదు మార్కులూ వేసుకుంటూ పోయాను. తర్వాత ఒక కాగితంలో ‘వృత్తం లేదు’ అని కనపడింది. నా కలం ఆగిపోయింది. నీ మనవరాలిదని నంబరు చూడకుండానే తెలిసింది. నేను చేసింది కూడా అప్పుడే తెలిసింది. తర్వాత సున్నా వేశాను.

ఇప్పుడు బయటపెడితే లిస్టంతా తిరగబడుతుంది. పదో పిల్ల ఉషారాణి, ఆలమూరు అవతల పల్లంరాజు గారని కౌలు రైతు, ఆయన కూతురు. ట్రంకుపెట్టెతో వచ్చి చేరిపోయింది. ఆ పిల్లని పొమ్మనాలి. ఆ లెక్క ముందే ఒక పిల్లకి ఎలా తెలిసిందని అడుగుతారు. నీకు రాసిన ఉత్తరాలు బయటకొస్తాయి. ఈ వయసులో నా పరువేం కావాలి? పద్నాలుగో తారీఖున సన్మానం. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి.

వచ్చే ఏడు పిల్లచేత మళ్ళీ పరీక్ష రాయించు. నేను దగ్గరుండి చూసుకుంటాను. నా పుస్తకాలన్నీ పంపిస్తాను.

ఒక్క సాయం చెయ్యి. జూన్‌లో, జూలైలో నేను నీకు రాసిన ఉత్తరాలు రెండూ నాకు పంపించెయ్యి. నీ మీద అనుమానం కాదురా. ఇంట్లో ఉంటే ఎవరైనా చూస్తారు. ఇది కూడా చదివి చించెయ్యి.

నీ
చంద్రం

*

కొత్తతిప్ప,
16 నవంబర్ 1999

చంద్రరావు మేష్టారు గారికి కొల్లాటి అబ్బులు నమస్కారములు.

సన్మానానికి వచ్చానండి. ముందు చెప్పలేదు. వెనకాల తలుపు దగ్గర నిలబడ్డాను. మీ ఉత్తరాలు పంచె మడతలో ఉన్నాయి. మీకిద్దామని తెచ్చానో, ఆ ట్రస్టు పెద్దాయనకిద్దామని తెచ్చానో నాకే తెలియదు.

శాలువా కప్పారు. పెద్దాయన మైకు దగ్గర, ముప్పై నాలుగేళ్ళలో ఒక్క తప్పు లేని మనిషి అన్నారు. చప్పట్లు కొట్టారు. మీరు తల వంచుకున్నారు. కాదని అనలేదు.

తర్వాత మీరు మాట్లాడారు. వల సంగతి చెప్పారు. మా ఊళ్ళో చేపలు పట్టే ఒక స్నేహితుడు ఉన్నాడన్నారు. వాడి మనవరాలు వర్గమూలం కింద మైనస్ వస్తే ఏమవుతుందని అడిగింది, అలా అడిగే పిల్లలు కావాలి మనకి అన్నారు. ఆ మాటకి ఇంకా గట్టిగా కొట్టారు. నా పక్కనున్నాయన నావైపు చూసి బాగా చెప్పారు కదండీ అన్నాడు. బాగా చెప్పారన్నాను. ఆ పిల్ల ఆ టైముకి వాళ్ళమ్మతో షెడ్డులో ఉంది. ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. మార్చి తర్వాత రోజూ వెళుతుంది.

అప్పుడు మీరు నన్ను చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నాక ఇటు చూడలేదు.

ముందుకొచ్చి ఒక్క మాట అందామనుకున్నాను. నోరు రాలేదండి. బడిలో కూడా నా లెక్కకి మీరు చెయ్యెత్తేటప్పుడు నాకు నోరు రాలేదు. అందులో మీ తప్పు లేదు.

బయట పల్లంరాజు గారు కనపడ్డారు, ఎవరో పేరు పెట్టి పిలిస్తే తెలిసింది. కూతురికి బెల్లం పోకుండలు తెచ్చుకున్నారు. ఎవరో ఏంటో అడక్కుండా నాకూ రెండు చేతిలో పెట్టారు. తిన్నాను. ఆ పిల్లని పొమ్మనాలని మీరు రాశారు. ఎందుకు పొమ్మనాలండి? పదిమందికి వండేచోట పదకొండో కంచం పెట్టమంటే సరిపోయేది. వల ఖాళీగా వచ్చిన రోజున కూడా మా ఇంట్లో మనిషొస్తే కంచం పెడతాం. మీకు ఆ మాట తట్టలేదంటే నేను నమ్మను. అడిగితే ఎందుకని వాళ్ళడుగుతారు. అంతే కదండీ.

వచ్చే ఏడు రాయించమన్నారు. ఆ పరీక్ష రెండో ఏడు చదివేవాళ్ళకేనని పేపరు ఇచ్చిన మీకు తెలియదా? వచ్చే ఏడు ఇది రెండో ఏడులో ఉండదు. పుస్తకాలు పంపొద్దు.

తెలియక రాసిన ప్లస్సుకి నేనేం అనను. చూసి, తెలిసి, వేసిన సున్నాకి ఏమనాలో నాకు తెలియడం లేదు.

మీరు రెండు ఉత్తరాలు అడిగారు. మూడు పంపుతున్నాను. తప్పు ఒప్పుకున్నది చించెయ్యమన్నారు, నా చేత్తో చించను. ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో చూపించాలనిపిస్తుంది. మీ దగ్గరే ఉండనివ్వండి.

పంపేముందు పిల్లకి చూపించాను. మూడూ చదివింది. ‘అయితే నేను రాసింది కరెక్టే కదా తాతా?’ అంది. కరెక్టే అన్నాను. ‘మేష్టారు కూడా అదే రాశారుగా. సరే’ అంది. మడతపెట్టి నా చేతికిచ్చి, కాలేజీ బస్సుకి వెళ్ళిపోయింది.

దానికి అది చాలింది. నాకు చాలలేదండి.

ఇట్లు,
కొల్లాటి అబ్బులు